బొద్దు అక్షరానికి ఊపిరాడాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పిల్లల కథల పుస్తకాల అట్టల కోసం సరదాగా, బొద్దుగా ఉండే తెలుగు ఫాంటు ఒకటి గీస్తున్నారు. మీ దగ్గరున్న మామూలు మందం అక్షరాలనే తీసుకుని, అంచు చుట్టూ సమాన దూరంలో ఇంకో గీత వేసే ఆఫ్‌సెట్ పాత్ కమాండ్ ఇచ్చి లావు చేశారు. మూలలన్నీ గుండ్రంగా తిప్పారు. ఒక్కో అక్షరాన్ని స్క్రీన్ నిండా పెట్టి చూస్తే ముద్దొస్తోంది, టైటిల్‌గా పేర్చితే మాత్రం నల్లటి ముద్దలా తయారవుతోంది. పైగా "అంత కష్టపడినా సరదాగా కూడా లేదు, ఎందుకో" అన్నారు. ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. రెండింటికీ ఒకే మందు వేయబోయి ఇరుక్కున్నారు.

సరదా సంగతి ముందు చెబుతాను. దాన్ని అందరూ ఆఖరికి వదిలేస్తారు కాబట్టి.

సరదా ఫాంటు అనగానే మన కళ్లముందు కదిలేవన్నీ ఇంగ్లిష్ నమూనాలే. కూపర్ బ్లాక్‌నే తీసుకోండి. షికాగోలో ఉండే ఆస్వాల్డ్ కూపర్ గీశాడు, 1922లో అచ్చులోకి వచ్చింది. వందేళ్లు దాటినా, నవ్వు మొహం పెట్టే అక్షరం కావాలంటే ఇప్పటికీ చాలామంది దాని దగ్గరికే వెళతారు. దాని కిటుకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంగ్లిష్ అక్షరంలో నిటారు స్తంభాలుంటాయి, పదునైన మూలలుంటాయి. కన్ను వాటికి అలవాటు పడిపోయి ఉంటుంది. ఆ మూలల్ని అరగదీసి చివరల్ని ఉబ్బిస్తే, ఉండాల్సిన కాఠిన్యం లేకపోవడమే మెత్తగా, చనువుగా తోస్తుంది.

తెలుగులో అరగదీయడానికి మూల ఏదండీ? ర, ఠ, గ, ద, బ, సున్న, అన్నీ పుట్టుకతోనే గుండ్రం. కోర్టు నోటీసులో అచ్చయిన అక్షరం కూడా గుండ్రమే. కాబట్టి మీరు ఎంత గుండ్రంగా తిప్పినా చదివేవాడి కంటికి కొత్తగా ఏమీ జరగలేదు. గుండ్రంగా ఉన్నదాన్ని ఇంకాస్త గుండ్రం చేశారు, అంతే.

నా అనుభవంలో తెలుగు అక్షరానికి అల్లరి తలకట్టు దగ్గర మొదలవుతుంది. దాదాపు ప్రతి హల్లు నెత్తినా అది కనిపిస్తుంది కాబట్టి, దాన్ని ఎలా గీస్తే పదం మొత్తానికి ఆ గుణం అంటుకుంటుంది. ఒకసారి నేను తలకట్టును మామూలుగా సాగదీయకుండా, పొట్టిగా, లావుగా, చివర్న ఒకే కోణంలో కత్తిరించినట్టు గీశాను. కింద అక్షరాలు ఏమాత్రం మార్చలేదు. పదం టైప్ చేసి చూస్తే పిలకలు వేసుకున్న పిల్లలు వరసలో నిలబడ్డట్టు ఉంది. ఆ ఫాంటులో మిగతా సరదా అంతా దాని వెనకే వచ్చింది. గుండ్రాల మధ్య ఆ ఒక్క పదునైన కోతే తేడాగా నిలిచింది. అంటే ఇంగ్లిష్ వాళ్లు చేసినదానికి సరిగ్గా తిరగేసి చేయాల్సి వచ్చింది.

రెండో చోటు సున్న. బొద్దు ఫాంటులో సున్న నల్లటి బంతి, మధ్యలో చిన్న కన్నం. ఆ కన్నాన్ని సరిగ్గా మధ్యలో పెడితే బోల్టు కింద వేసే వాషర్‌లా ఉంటుంది. కొంచెం పైకి, కొంచెం కుడికి జరపండి. అది కనుగుడ్డు అయిపోతుంది, పదం పక్కచూపులు చూస్తుంది. ర, ఠ లోపలి ఖాళీలను కూడా అదే వైపుకు జరిపితే ఫాంటు మొత్తానికి ఒక చూపు వస్తుంది. ఒక్కో అక్షరంలో ఒక్కో వైపుకు జరిపితే మాత్రం తాగినట్టు ఉంటుంది, జాగ్రత్త.

మూడోది నిష్పత్తి. కింది పొట్ట పెద్దది చేసి పైభాగం చిన్నది చేస్తే బొమ్మలా, చంటిబిడ్డలా అనిపిస్తుంది. పైభాగం పెద్దదైతే దర్జాగా, కాస్త వెటకారంగా ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని అన్ని అక్షరాల్లోనూ దానికే కట్టుబడాలి. అల్లరి పిల్లాడికి కూడా ఒక స్వభావం ఉంటుంది కదా, పూటకో రకంగా ఉండడు. తలకట్టు, సున్న, నిష్పత్తి, ఒరుగు, ఎగుడుదిగుడు, వీటిలో రెండు చాలు. ఐదూ కలిపితే ఏదీ కనబడదు.

మీరు మధ్యలో "బాపు అక్షరంలా, కానీ లావుగా" అని కూడా రాశారు. ఈ కోరిక నాకు చాలాసార్లు ఎదురైంది. బాపు రాతలో చిలిపితనమంతా గీత సన్నబడి లావెక్కడంలో ఉంటుంది, చెయ్యి ఎక్కడ ఆగిందో ఎక్కడ జారిందో కనబడుతుంది. దాన్ని తెచ్చి అంతటా లావు చేస్తే మొదట పోయేది ఆ సన్నపు భాగమే. ఇక మిగిలేది అక్షరం ఆకారం, అందులో బాపు ఉండడు. ఆ ఆశ వదులుకోండి, మీ ఫాంటు మీలా ఉండనివ్వండి.

ఇక ముద్ద సంగతి. దీనికి లెక్క వేసి చూపిస్తే త్వరగా తెలుస్తుంది.

మీ ఫాంటు ఎమ్ (అక్షరాన్ని గీసే ఊహా చతురస్రం) 1000 యూనిట్లు, గీత మందం 220 అన్నారు. ర చూడండి. వెడల్పు 700 అనుకుంటే రెండు వైపులా 440 పోయి లోపల 260 తెలుపు మిగులుతుంది. హాయిగా ఉంటుంది. ఇప్పుడు ఝ తీసుకోండి. దాని నడుం మీదుగా అడ్డంగా స్కేలు పెడితే నాలుగు చోట్ల గీత తగులుతుందనుకుందాం. వెడల్పు 1000 ఇచ్చినా నాలుగు గీతలకే 880 ఖర్చయిపోయింది. మిగిలిన 120ని మూడు ఖాళీలు పంచుకోవాలి, ఒక్కోదానికి 40. ఇదే అక్షరం ఫోన్లో 24 పిక్సెళ్ల సైజులో కనిపిస్తే ఆ 40 యూనిట్లు 0.96 పిక్సెల్. అంటే ఒక్క పిక్సెల్ కూడా పూర్తిగా తెల్లగా వెలగదు, బూడిదరంగు మరక వస్తుంది. మీకు కనబడుతున్న ముద్ద అదే. పక్కనే ర మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి పదమంతా అతుకుల బొంతలా కనిపిస్తుంది.

ఆఫ్‌సెట్ పాత్‌తో లావు చేస్తే ఇలా కాక ఇంకోలా అవదు. ఆ కమాండ్‌కు ర ఏదో ఝ ఏదో తెలియదు, అన్నిటికీ ఒకే కొలత పూస్తుంది. చేత్తోనే చేయాలి. నేను చేసే పద్ధతి ఇది: బయటి గీతలు లావు, లోపలి గీతలు సన్నం. అదే ఝకి వెడల్పు 1150 ఇచ్చి, బయటి రెండు గీతలు 200, లోపలి రెండూ 150 చేయండి. మొత్తం 700 పోయి 450 మిగులుతుంది, ఒక్కో ఖాళీకి 150. ఇందాకటి 40 ఎక్కడ, ఈ 150 ఎక్కడ. చూసేవాడి కన్ను అక్షరం బయటి గీతను బట్టే "లావు" అని తీర్మానించేస్తుంది, లోపల మీరు చేసిన పొదుపు దానికి తెలియదు. 200, 150 పక్కపక్కన పెట్టి చూస్తే మీకు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. భయపడకండి, పదంలో పడ్డాక కనబడదు.

ఈ పొదుపు కొత్తదేమీ కాదు. 1800ల తొలి దశాబ్దాల్లో లండన్‌లో ప్రకటనల కోసం ఫ్యాట్ ఫేస్ అనే బండ అక్షరాలు వచ్చాయి, రాబర్ట్ థోర్న్ పేరు వాటితో ముడిపడి వినిపిస్తుంది. వాటిలో నిలువు గీతలు దిమ్మల్లా ఉంటాయి, అడ్డగీతలు మాత్రం వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. ఎంత నలుపు పెంచినా అక్షరం ఎక్కడో ఒకచోట ఊపిరి పీల్చుకోవాలని వాళ్లకు రెండు వందల ఏళ్ల కిందే అర్థమైంది. తెలుగులో అంత తేడా పెట్టమని చెప్పను, మన గీత వంపు తిరుగుతూ పోతుంది కాబట్టి హఠాత్తుగా సన్నబడితే విరిగినట్టు ఉంటుంది. కానీ వంపు అడుగున, నెత్తిన పదిహేను ఇరవై యూనిట్లు తగ్గించడం మాత్రం తప్పనిసరి. అడ్డంగా పోయే గీత ఒకే మందంలో ఉన్నా కంటికి నిలువు గీత కంటే లావుగా అనిపిస్తుంది. మీ గ, ద అడుగున బరువెక్కి కుంగినట్టు ఉన్నాయే, కారణం ఇదే.

గీతలు కలిసే మూలల దగ్గర కూడా నలుపు పేరుకుంటుంది. అక్కడ చిన్న గాటు పెట్టండి. మాథ్యూ కార్టర్ 1978లో అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం చేసిన బెల్ సెంటెనియల్‌లో అక్షరాల సందుల్లో లోతైన గాట్లు కనిపిస్తాయి. నాసి కాగితం మీద సిరా పాకితే ఆ గాట్లు నిండి అక్షరం మామూలుగా కనబడేది. మీది పెద్ద సైజు ఫాంటే అయినా గీతలు కలిసే చోటల్లా చీమ తల అంత గాటు ఉంటే చాలా తేలికపడుతుంది. కొందరు ఆ గాటునే పెద్దది చేసి అలంకారంగా చూపిస్తారు, అదీ బాగుంటుంది.

కాబట్టి మీరు మొదలుపెట్టిన వరస మార్చండి. అ, ఆ నుంచి కాకుండా, ర, గ లాంటి సులువైన వాటి నుంచి కాకుండా, ఇరుకైన అక్షరాల నుంచి మొదలుపెట్టండి. ఘ, ఝ, ణ, క్ష. ఇవి ఎంత లావు భరించగలవో తేలితే అదే మీ ఫాంటు గరిష్ఠ మందం. ర, ఠ లాంటివి ఏ మందమైనా తట్టుకుంటాయి, వాటిని చూసి మందం నిర్ణయించుకుంటే మోసపోతాం. నేనూ మోసపోయినవాడినే. మొదటి ఫాంటులో డెబ్బై గ్లిఫ్‌లు (అక్షర రూపాలు) గీశాక ఘ దగ్గర ఆగిపోయి, అన్నీ మళ్లీ గీశాను.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి తిన్నాను. ఒక ప్రచురణకర్తకి పిల్లల పుస్తకం అట్ట చేసిచ్చాను. పేరులో "కథలు" అనే మాట ఉంది. అట్ట సైజులో బ్రహ్మాండంగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు గోరంత బొమ్మలో థ కడుపులో చుక్క నలుపులో కలిసిపోయింది. అది "కధలు" అయింది. ఒక టీచరమ్మ ప్రచురణకర్తకి ఉత్తరం రాశారు, పిల్లల పుస్తకం మీదే తప్పు రాస్తే ఎలా అని. ఆవిడకి అచ్చు పుస్తకం తీసి చూపించి, చుక్క ఉందండీ అని చెప్పొచ్చు. కానీ చుక్క కనబడనప్పుడు ఉండి ఏం లాభం?

తెలుగులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. బొద్దు ఫాంటులో ఇవే మొదట కూలిపోతాయి. ర లోపల చుక్క పెడితే ఠ. ధ లోపల చుక్క పెడితే థ. చ, డ, ద, ప కింద చిన్న నిలువు గీత పెడితే ఛ, ఢ, ధ, ఫ. ఆ చిన్న గీత పొట్టకి అంటుకుపోతే మహాప్రాణం కాస్తా అల్పప్రాణం అయిపోతుంది. ప, వ సంగతి ఇంకా సున్నితం. ప మీద తలకట్టు కింది భాగానికి అంటకుండా విడిగా నిలబడుతుంది, వ మీద అంటుకుని ఉంటుంది. మీరు ఆఫ్‌సెట్ ఇచ్చినప్పుడు ప మీది సందు మూసుకుపోయింది. మీరు పంపిన నమూనాలో "పాప" అన్న మాట నేను మొదటిసారి "వావ" అని చదివాను, నిజం. ష, స, హ లలో కూడా అదే సందు ఉంటుంది, వాటినీ చూసుకోండి. మ, వు జంట కూడా ఒకదాన్ని ఒకటి మింగేయడానికి సిద్ధంగా ఉంటుంది. ఇక గుడి, గుడిదీర్ఘం: కి, కీ మధ్య ఉన్నది పైన చిన్న మెలిక ఒక్కటే. గుడి లోపలి కన్నం మూసుకుపోయి, మెలిక ముద్దయిపోతే ఏది పొట్టో ఏది పొడవో ఎవరూ చెప్పలేరు.

థ, ఠ లకు నేను వాడే ఉపాయం చెబుతాను. చుక్కను లోపల పెట్టడానికి అక్షరాన్ని మిగతావాటికంటే ఎనిమిది పది శాతం వెడల్పు చేస్తాను, చుట్టూ గీతను 20 యూనిట్లు సన్నం చేస్తాను, చుక్కను గుండ్రంగా కాకుండా కాస్త అడ్డంగా నొక్కినట్టు గీస్తాను. అలా అయితే పైనా కిందా తెలుపు ఎక్కువ మిగులుతుంది. ప మీది సందు మాత్రం రాజీ పడకూడనిది. మిగతా ఖాళీలకు అది కనీసం సమానంగానైనా ఉండాలి. దానికోసం తలకట్టును ఇంకాస్త పైకి లేపండి, అవసరమైతే పొట్టి చేయండి. పైకి లేచిన తలకట్టు పిలక వేషానికి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు వత్తులు. బొద్దు తెలుగు ఫాంటులో సగం పని ఇక్కడే ఉంటుంది. చాలామంది అసలు అక్షరాన్నే 60 శాతానికి కుదించి కింద పెడతారు. కుదిస్తే గీత కూడా సన్నబడుతుంది కదా, 200 ఉన్నది 120 అవుతుంది. బండరాయి కింద తీగ వేలాడుతున్నట్టు ఉంటుంది. పోనీ వత్తుకి కూడా 200 మందమే ఇస్తే లోపల తెలుపే మిగలదు. మధ్యలో ఆగాలి. అసలు మందంలో మూడు వంతులు, అంటే 150 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వత్తునీ మళ్లీ గీయాలి. ణ వత్తు, ష వత్తు లాంటివాటిని వీలైనంత సరళం చేయండి, చేతిరాతలో జనం ఎలా రాస్తారో చూసి. క్రావడి తేలిక, దాంతో ఆడుకోవచ్చు. ఎడమవైపు కిందినుంచి తొంగిచూసే ఆ వంపును బాగా ఉబ్బించి తోకలా చేస్తే ఎంత ముద్దుగా ఉంటుందో. వట్రుసుడి కూడా అంతే. మీ ఫాంటులో సరదాకి ఇంకో చోటు దొరికినట్టే.

ఎత్తు సమస్య కూడా వత్తుల వల్లే వస్తుంది. "రాష్ట్రం" టైప్ చేసి చూడండి. ష కింద ట వత్తు, దానికి తోడు క్రావడి. కింద ఎంత చోటు కావాలో అప్పుడు తెలుస్తుంది. ఫాంటు ఫైల్‌లో విన్ అసెంట్, విన్ డిసెంట్ అని రెండు అంకెలుంటాయి. వాటిని మీ ఫాంటులో అన్నిటికంటే పైకి, అన్నిటికంటే కిందికి పోయే గ్లిఫ్‌లను కొలిచి నింపండి. ఇంగ్లిష్ ఫాంటు నుంచి కాపీ చేసిన అంకెలు అలాగే వదిలేస్తే విండోస్‌లో కొన్ని అప్లికేషన్లు వత్తుల కాళ్లు కోసేస్తాయి. ఆ తర్వాత "మీ ఫాంటు బాగోలేదు" అని మీకే మెసేజ్ వస్తుంది.

ఎగుడుదిగుడుగా గెంతే అక్షరాలు కావాలని కూడా అడిగారు. ఇంగ్లిష్ సరదా ఫాంట్లలో ఇది సర్వసాధారణం. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, ఓపెన్‌టైప్ ఫాంటు ఫార్మాట్‌లో కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ అనే ఫీచర్‌తో వంతులవారీగా తిప్పుతారు. తెలుగులో హల్లుకి మూడు రూపాలంటే దాని గుణింతమంతటికీ మూడు రూపాలు, వత్తు ఎక్కడ అతకాలో మూడుసార్లు చూసుకోవాలి. ఒక్కరే చేస్తుంటే ఏడాది పడుతుంది. అయినా పూర్తిగా వదిలేయకండి. పిల్లల టైటిళ్లలో ఎక్కువగా వచ్చే మాటలేమిటి? గలగల, కిలకిల, టకటక, చకచక, జలజల. అంతా జంటలే. అదే అక్షరం అదే ఒరుగుతో రెండుసార్లు రాగానే అది యంత్రం వేసినదని బయటపడిపోతుంది. కాబట్టి తలకట్టు ఉన్న మామూలు రూపానికి, గుడి ఉన్న రూపానికి మాత్రం ఎక్కువగా వాడే పది పన్నెండు హల్లులకు రెండో వేషం గీయండి. ఒకదాన్ని నాలుగు డిగ్రీలు ఎడమకి, రెండోదాన్ని మూడు డిగ్రీలు కుడికి ఒరగనివ్వండి. "కిలకిల" అప్పుడు నిజంగా కిలకిలమంటుంది. అక్షరాలు నిలబడే గీత (బేస్‌లైన్) మీంచి పైకీ కిందికీ ఎగరేయడం మాత్రం వద్దు. పైకి ఎగిరిన అక్షరం గుడి పై వరసకి తగులుతుంది, కిందికి దిగినదాని వత్తు కింది వరసకి తగులుతుంది. ఒరుగు చాలు.

ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కూడా అదే ఫైల్‌లో పెడతానన్నారు. పెట్టండి, కానీ మందం అంకె ఒకటే ఉండాలని పట్టుబట్టకండి. ఇంగ్లిష్ నిలువు గీత 190 ఉంటే తెలుగు గీత 160 దగ్గరే దానికి సమానంగా నల్లగా కనిపిస్తుంది. కళ్లు సగం మూసి చూసి సరిచేసుకోండి.

ఇక వాడకం. ఫాంటు గీసినవాళ్లకంటే వాడేవాళ్ల చేతిలోనే ఎక్కువ పాడవుతుంది, మీ పుస్తకాలకు మీరే వాడుకుంటారు కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

వెబ్‌సైట్‌లో టైటిల్ పెడితే ఇంకా లావుగా, మసకగా కనబడుతోందన్నారు చూడండి, అది మీ గీత తప్పు కాదు. మీ ఫాంటులో ఒకే వెయిట్ (మందం) ఉంది, ఫైల్‌లో దానికి రెగ్యులర్ అని పేరు పెట్టారు. పెద్ద హెడింగ్ ట్యాగ్‌కి బ్రౌజర్ దానంతటదే బోల్డ్ అడుగుతుంది. బోల్డ్ ఫైల్ దొరక్కపోతే ఉన్న అక్షరానికే నకిలీగా మందం పూస్తుంది. లావు మీద లావు. హెడింగ్‌కి ఫాంట్-వెయిట్ 400 అని రాయండి, లేదా ఫాంట్-సింథసిస్‌ని నన్ (none) చేయండి. వర్డ్‌లో కూడా బి బటన్ నొక్కితే ఇదే తంతు.

ఫోటోషాప్, ఇన్‌డిజైన్‌లలో వత్తులు విడిపోయి పొల్లుతో పక్కన నిలబడితే ఫాంటుని తిట్టకండి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోవాలి. దాని తర్వాత కూడా విడిపోతేనే మీ ఫైల్‌లో లోపం వెతకండి.

అట్టల మీద బొద్దు అక్షరాలకు చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ ఇంకో రంగు అంచు వేయడం అందరికీ సరదా. నాకూ సరదానే. కానీ ఆ అంచు గీతని (స్ట్రోక్) మధ్యకి అలైన్ చేసి వేస్తే సగం లోపలికి పాకి, మీరు యూనిట్లు లెక్కపెట్టి దాచుకున్న తెలుపంతా తినేస్తుంది. అక్షరాన్ని కాపీ చేసి వెనక పెట్టి, ఆ వెనకదానికి మాత్రమే అంచు వేయండి. లోపలి కన్నాల్లో వెనక అంచు రంగు నిండుతుంది, అది బాగుందో లేదో ఒక్కో పదానికీ చూసుకోవాలి. నీడ వేస్తే ఒక్క వైపే, అదీ గట్టి అంచుతో. మసక నీడ ఇలాంటి అక్షరానికి మురికిలా ఉంటుంది.

టైటిల్ రెండు వరసలైతే ఎక్కడ విరవాలో అర్థాన్ని బట్టే కాదు, వత్తుల్ని బట్టి కూడా చూడండి. పై వరసలో వత్తు దిగే చోట కింది వరసలో గుడి లేవకుండా ఉంటే వరసలు దగ్గరకు లాగొచ్చు, రెండూ కలిసి ఒకే బొమ్మలా ఉంటాయి. ఎదురెదురు పడితే ఒకదాన్ని కొద్దిగా పక్కకు జరపండి. అక్షరాల మధ్య ఎడం విషయంలో కొలత ఒక్కటే: లోపల ఖాళీ ఎంత చిన్నదైతే పక్కన ఖాళీ కూడా అంత చిన్నది. బొద్దు అక్షరాలను దూరం దూరంగా పేర్చితే దంతాలు ఊడిన నోరులా ఉంటుంది. దగ్గరగా పేర్చండి, కాకపోతే య వత్తు కుడివైపుకు సాగుతుంది కాబట్టి దాని పక్క అక్షరానికి కెర్నింగ్ (ఆ జంట మధ్య ఎడం) విడిగా ఇవ్వండి.

మూడు నాలుగు మాటలు దాటితే ఈ ఫాంటు వాడకండి. అట్ట మీద పేరు, అధ్యాయం పేరు, మహా అయితే కథలో పెద్ద చప్పుడు వచ్చిన చోట "ఢాం" అని ఒక మాట. లోపలి పేజీల్లో పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, వాళ్లకి థ, ధ తేడా స్పష్టంగా తెలియాలి. సరదా ఫాంటు అక్కడ వాళ్లకి శత్రువే. లోపల అతి మామూలు ఫాంటు పెట్టండి, ఎంత మామూలుగా ఉంటే అట్ట మీదిది అంత వెలుగుతుంది. ఇంకో సరదా ఫాంటుని దాని పక్కన పెడితే ఇద్దరు హాస్యగాళ్లు ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది.

సందర్భం తప్పితే ఏమవుతుందో కామిక్ శాన్స్‌ని అడగండి. మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనారే 1994లో దాన్ని చేసింది ఒక ప్రోగ్రాంలో బొమ్మ కుక్క మాట్లాడే మాటల కోసం. ఆ కుక్క మాటలు టైమ్స్ న్యూ రోమన్‌లో ఉండటం అతనికి నచ్చలేదు. ఆ పనికి అది సరైన ఫాంటే. తర్వాత అది అందరి కంప్యూటర్లలోకీ వచ్చేసి, ఎక్కడపడితే అక్కడ వాడేశారు. 2012 జూలైలో హిగ్స్ బోసాన్ అనే కణం జాడ దొరికిందని సెర్న్ శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు ఒక బృందం స్లైడ్లు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. కణం గురించి మాట్లాడాల్సిన రోజున చాలామంది ఫాంటు గురించి మాట్లాడుకున్నారు.

ఈలోగా మీకు పుస్తకం తొందరగా కావాలంటే తయారుగా ఉన్నవి కొన్ని చూడండి. ఎక్ టైప్ అనే ఫాంటు సంస్థ వాళ్ల బాలూ తమ్ముడు 2 ఉంది. చాలా భారతీయ లిపులకు చేసిన బాలూ కుటుంబంలో తెలుగు సభ్యుడు కాబట్టి ఆ పేరు, కన్నడకి తమ్మ, తమిళానికి తంబి. రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా ఐదు వెయిట్లున్నాయి. దాన్ని వాడటమే కాదు, ఎక్స్‌ట్రాబోల్డ్‌లో ఝ, థ, క్ష తెరిచి ఎక్కడ గీత సన్నబడిందో కొలిచి చూడండి, నేను ఇంత సేపు చెప్పినది అక్కడ కనబడుతుంది. రామభద్ర హెడింగులకు బరువుగా నిలబడుతుంది, సరదా తక్కువ. రవి ప్రకాశ్‌లో అల్లరి ఉంది. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతాయి. పుస్తకానికి వాడొచ్చు, మార్చుకోవచ్చు కూడా. కాకపోతే మార్చిన ఫాంటుని మీరు బయట పెడితే అదే లైసెన్స్ కింద పెట్టాలి, ఫాంటు ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు, రిజర్వ్ చేసిన పేరు ఉంటే ఆ పేరు వాడకూడదు. మీ పాత అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో మీరు చెప్పలేదు. ఏదైనా ఫాంటు మీద మొదలుపెట్టి ఉంటే ఇప్పుడే దాని లైసెన్స్ ఫైల్ చదవండి.

ప్రస్తుతానికి గీసినవన్నీ పక్కన పెట్టి ఘ, ఝ, థ, ప, క్ష, ఈ ఐదూ కొత్తగా గీయండి. వాటితో పాటు ణ వత్తు, క్రావడి. 24 పిక్సెళ్లలో ఒకటి, 72లో ఒకటి, కాగితం మీద ప్రింటు తీసి ఫోటో ఒకటి పెట్టండి. ప, వ పక్కపక్కనే ఉండాలి. అవి చూశాక మందం ఎంత పెట్టాలో మాట్లాడుకుందాం.